పద్దెనిమిది నిమిషాల పాట

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, సంగీతం మీద ఇష్టం ఉన్న కొందరు కలిసే చిన్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా? వెనకాల ఉన్నవాళ్లకి? సరే.

ఈ ఊళ్లో సంగీతం గురించి మాట్లాడాలంటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పింది అక్కడే. అలాంటి చోట నిలబడి నేను ఇంగ్లీషు వాళ్ల రాక్ కచేరీ గురించి చెబుతానంటే వద్దనాల్సింది. ఎవరూ అనలేదు. పైగా ముందు వరసలో మా మృదంగం మాస్టారు కూర్చున్నారు. లోపలికి వస్తూనే, "డ్రమ్సు గురించి చెబుతావట కదా, చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం'లో ఎంత బరువుందో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకి తెలుసు. (నవ్వులు)

నేను పాడను, వాయించను. నాకున్నవి చెవులే. మా నాన్నగారు ఫిడేలు వాయించేవారు. పెద్ద పేరేమీ లేదు. పెళ్లిళ్లకీ, నవరాత్రుల్లో పందిళ్లలోనూ పక్కవాద్యం. నేను వింటూ పెరిగాను, అంతే.

ప్రోగ్రెసివ్ రాక్ అంటారు, పొడుగు పొడుగు పాటలు కట్టే ఒక రకం రాక్ సంగీతం. అది నాకు దొరికింది విశాఖపట్నంలో. 1980ల మొదట్లో యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు మా హాస్టల్లో ఒకడి మేనమామ ఓడలో పని చేసేవాడు. ఓడ రేవుకొచ్చినప్పుడల్లా సబ్బులు, సెంటు సీసాలు, క్యాసెట్లు తెచ్చేవాడు. సబ్బులు వాళ్లింటికి పోయేవి, క్యాసెట్లు మా గదికి వచ్చేవి. వాటి మీద ఏం రాసి ఉందో కూడా సరిగ్గా అర్థమయ్యేది కాదు. ఒక పాట పెడితే పక్క గదివాడు స్నానం చేసి, బట్టలు ఆరేసి, టిఫిన్ తిని వచ్చేవాడు. పాట ఇంకా నడుస్తూనే ఉండేది.

ఇంత పొడుగు పాటలు ఎందుకు కట్టారంటే, ఒక కారణం రికార్డు ప్లేటే. మన పాత 78 గ్రామఫోను ప్లేటులో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు పట్టేది. మన విద్వాంసులు రాగాన్ని చీర మడత పెట్టినట్టు మడిచి అందులో ఇమిడ్చారు. 1960లు ముగిసేసరికి ఇంగ్లాండు కుర్రాళ్ల చేతికి ఎల్పీ రికార్డు వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైన పడుతుంది. మూడు నిమిషాల ప్రేమపాటలతో విసిగిపోయి ఉన్నారు. చర్చి ఆర్గాను, జాజ్, వాళ్ల శాస్త్రీయ సంగీతం, జానపదం, అన్నీ తెచ్చి కలిపారు. మనవాళ్లు మడిచిన చోట వాళ్లు చాప పరిచినట్టు పరిచేశారు. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్, జెత్రో టల్, ఎమర్సన్ లేక్ అండ్ పామర్... ఇవీ పేర్లు. పింక్ ఫ్లాయిడ్‌ని కూడా ఈ గూట్లోనే పెడతారు చాలామంది. జెత్రో టల్ అయితే 1972లో రికార్డు రెండు వైపులకీ కలిపి ఒకటే పాట చేసింది. దాని నాయకుడు ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి ఫ్లూటు వాయిస్తాడు. మన కృష్ణుడు కనీసం రెండో పాదం నేలకి ఆనిస్తాడు.

సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పింక్ ఫ్లాయిడ్ క్యాసెట్ ఒకటి తెచ్చాను. అందులో డబ్బు గురించి ఒక పాట ఉంది, 1973 నాటిది. మొదట్లోనే నాణేలు గలగలమనడం, కాగితం చించడం, దుకాణంలో గల్లాపెట్టె టింగుమనడం, ఈ చప్పుళ్లన్నీ టేపు ముక్కలుగా కోసి అతికించి గుండ్రంగా తిప్పారు. మా నాన్నగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. "ఏట్రా ఈ గోల?" అన్నారు. నేను సౌండు తగ్గించబోయాను. "ఉండుండు" అని చెయ్యెత్తారు. తొడ మీద వేళ్లు ఆడాయి. "తకిట తకధిమి... ఏడు రా ఇది! మిశ్రచాపు లెక్క!" అన్నారు. పేపరు పక్కన పెట్టేశారు. పాట సగానికి వచ్చింది. శాక్సఫోను అయ్యింది, గిటారు అందుకుంది. నాన్నగారి చెయ్యి ఆగిపోయింది. మళ్లీ లెక్కపెట్టి, "ఇదేటి, నాలుగులోకి దిగిపోయాడు? గిటారు కుర్రాడికి ఏడులో చెయ్యి ఆడలేదేటి?" అన్నారు.

ఆ పాట ఏడు దెబ్బల లెక్కలో నడుస్తుందనీ, గిటారు వచ్చినప్పుడు మాత్రం నాలుగులోకి మారుతుందనీ తర్వాత పుస్తకాల్లో చదివాను. మా నాన్నగారు ఒక్కసారి విని, మా వరండాలో కూర్చుని పట్టేశారు. ఆ రోజు నుంచి ఈ సంగీతం నాకు పరాయిది కాలేదు.

ఈ ఊరివాళ్లకి లయ అంటే అంత పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందని అడగక్కర్లేదు. నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఈ అయిదింటితో అయిదు తాళాలు ఒకేసారి నడిపించేవారు కదా. పంచముఖి. లయబ్రహ్మ అన్నారు ఆయన్ని. కింగ్ క్రిమ్సన్ వాళ్లు చివరి రోజుల్లో ముగ్గురు డ్రమ్మర్లని వేదిక ముందు వరసలో కూర్చోబెట్టి, గిటార్ల వాళ్లని వెనక్కి పంపారు. లోకమంతా అబ్బో అంది. నాకు మాత్రం, ముగ్గురెందుకు, మా దాసుగారు ఒక్కరే అయిదు పెట్టేవారు కదా అనిపించింది. (నవ్వులు. చప్పట్లు.) సరే, సరే. ఊరి అభిమానం కొంచెం ఎక్కువైంది.

ఇక కచేరీ సంగతి. 2002లో పింక్ ఫ్లాయిడ్ పాత మనిషి రోజర్ వాటర్స్ బెంగళూరు వచ్చాడు. రైలు టికెట్ కూడా కొన్నాను. సెలవు దొరకలేదు. ఆడిట్ అన్నారు. ఆ బాధ ఇరవై ఏళ్లు ఉంది. మా అమ్మాయి ఇంగ్లాండులో ఉద్యోగానికి వెళ్లాక, 2022 జూన్‌లో మేం చూడ్డానికి వెళ్తే, "నాన్నా, నీ యెస్ వాళ్లు పక్క ఊరికి వస్తున్నారు" అంది. టికెట్ ధర రూపాయల్లోకి మార్చి చూశాను. మార్చకుండా ఉండాల్సింది. మా ఆవిడ, "పైడితల్లమ్మ సిరిమానుకి ఊరంతా ఊరికే చూస్తారు, ఇదేం చోద్యం" అంది. ఆవిడ రాలేదు. నేనూ అమ్మాయీ వెళ్లాం.

రాక్ కచేరీ అంటే కుర్రాళ్లు గెంతుతుంటారని కదా మన ఊహ. హాలు ముందు చూస్తే ఏదో పెన్షనర్ల సంఘం సమావేశంలా ఉంది. తెల్ల జుట్లు, బట్టతలలు, చేతికర్రలు, చెవుల్లో మిషన్లు. బొజ్జల మీద బిగిసిపోయిన పాత టీ షర్టులు, వాటి మీద 1977 అనీ 1979 అనీ వెలిసిపోయిన అంకెలు. ఆడవాళ్లు చాలా తక్కువ. విరామంలో మగవాళ్ల టాయిలెట్ ముందు రేషన్ షాపు క్యూ, ఆడవాళ్ల వైపు ఖాళీ. మా అమ్మాయి జన్మలో అలాంటి దృశ్యం చూడలేదట, ఫొటో తీస్తానంది. వద్దన్నాను.

అందరూ కుర్చీల్లో కదలకుండా కూర్చున్నారు. మధ్యలో మాటల్లేవు. నా పక్కాయన డెబ్బై దాటినవాడు. పాట మొదలవగానే మోకాలి మీద వేలితో లెక్కపెట్టుకుంటున్నాడు. నా చెయ్యి కూడా నాకు తెలియకుండానే తొడ మీదకి పోయింది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు... కాసేపటికి ఆయన నా చెయ్యి చూశాడు, నేను ఆయన వేలు చూశాను. ఒక చోట ఇద్దరికీ లెక్క తప్పింది. ఇద్దరం ఒకేసారి చేతులు ఎత్తేశాం. నవ్వుకున్నాం. ఆ మనిషి పేరు కూడా నాకు తెలీదు. విరామంలో వచ్చి, చేతి మీద అదేం లెక్క అని అడిగాడు. దెబ్బ వేసి వేళ్లు లెక్కపెట్టే ఈ లఘువు అంటే ఏమిటో నా ఇంగ్లీషులో చెప్పాను. ఎంత అర్థమైందో గానీ రెండో సగంలో ఆయన కూడా చిటికెన వేలు నుంచి మొదలుపెట్టాడు.

రెండో సగంలో వాళ్లు తమ 1972 నాటి రికార్డు మొత్తం వాయించారు. అందులో మొదటి పాట ఒక్కటే పద్దెనిమిది నిమిషాల పైన. 'క్లోజ్ టు ది ఎడ్జ్' దాని పేరు. పిట్టల కూతలతో, నీళ్ల చప్పుడుతో మొదలవుతుంది. హెర్మన్ హెస్ రాసిన సిద్ధార్థ నవల చదివి ఆ మాటలు కట్టారు. నది ఒడ్డున కూర్చున్న మనిషి కథ కదా అది. పిట్టలు ఆగుతాయి, ఒక్కసారిగా అందరూ తలోదారీ పట్టినట్టు మీద పడతారు. మొదటిసారి విన్నవాళ్లు వాయిద్యాలు శ్రుతి చేసుకుంటున్నారనుకుంటారు. మధ్యలో అంతా నెమ్మదించి, చర్చి ఆర్గాను వస్తుంది. రికార్డులో దాన్ని నిజంగానే లండన్‌లో ఒక పాత చర్చికి వెళ్లి వాయించి పట్టుకొచ్చారు.

ఈ పాట పుట్టుక చెప్పాలి. ఇది మొదట్నుంచి చివరిదాకా ఎవరూ వాయించి రికార్డు చెయ్యలేదు. స్టూడియోలో రోజుకో ముక్క తయారు చేసుకోవడం, నచ్చిన ముక్కల టేపుని బ్లేడుతో కోసి అతికించడం, మర్నాడు ఆ తర్వాతి ముక్క. ఒకసారి మంచి ముక్కని ఊడ్చేవాళ్లు చెత్తబుట్టలో పడేస్తే, బయటికెళ్లి వెతికి తెచ్చి అతికించారని చెబుతారు. అంటే మన పద్ధతికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. మనకి కచేరీ ముందు, ప్లేటు తర్వాత. వాళ్లకి ప్లేటు ముందు. ముక్కలు అతికించాక, ఆ అతుకుల బొంతని వేదిక మీద ఏకబిగిన ఎలా వాయించాలో వాళ్ల పాట వాళ్లే కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది.

నేర్చుకునే లోపల డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ వెళ్లిపోయాడు. రికార్డు పూర్తవగానే, ఇంకా జనంలోకి రాకముందే, కింగ్ క్రిమ్సన్‌లో చేరిపోయాడు. అమెరికా యాత్ర ముందుంది. ఆలన్ వైట్ అనే ఆయన్ని తెచ్చారు. చేతిలో ఉన్నవి మూడు రోజులు. మూడు రోజుల్లో ఆ పాటలన్నీ పట్టుకుని 1972 జులై చివర్లో డల్లాస్‌లో వాయించాడు. మాస్టారూ, మూడు రోజులు! (ముందు వరస నుంచి: "గురువుకి ఫోన్ చేసి ఉంటాడు.") అయి ఉండొచ్చండీ.

ఆ ఆలన్ వైట్ తర్వాత యాభై ఏళ్లు ఆ బృందంలోనే ఉన్నాడు. మేం కచేరీకి వెళ్లింది ఆయన పోయిన మరుసటి నెల. మే 2022లో పోయాడు. ఆ యాత్రని ఆయనకే అంకితం చేశారు. డ్రమ్స్ దగ్గర కూర్చున్నది జే షెలన్. వైట్‌కి ఒంట్లో బాగోని రోజుల్లో, 2016 నుంచీ ఆయనకి సాయంగా వాయిస్తూ వచ్చినవాడు.

ఇక్కడే పెద్ద తగువు ఉంది. యెస్ 1968లో మొదలైంది. మొదలుపెట్టినవాళ్లలో ఆ రోజు వేదిక మీద ఒక్కరూ లేరు. బేస్ గిటారు క్రిస్ స్క్వైర్ 2015లో పోయాడు. అప్పటిదాకా వచ్చిన ప్రతి రికార్డులోనూ ఉన్న మనిషి ఆయనొక్కడే. మొదటి గాయకుడు జాన్ ఆండర్సన్ తన దారిన తాను పాడుకుంటున్నాడు. మిగిలిన పెద్ద దిక్కు స్టీవ్ హౌ, ఆయన చేరింది 1970లో. మరి దీన్ని యెస్ అనొచ్చా? వాళ్ల అభిమానులు ఈ మాట మీద కొట్టుకుంటారు. పేరు మిగిలింది, మనుషులు పోయారు, ఇది మోసం అంటారు సగం మంది.

నాకు ఈ తగువు మొదట్నుంచీ వింతగానే ఉంది. మన తప్పెటగుళ్ల జట్టునే తీసుకోండి. శ్రీకాకుళం వైపు ఊళ్లలో ఉన్నాయి, మన జిల్లాలో ఉన్నాయి. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని గెంతుతూ వాయించేవాళ్లు ఎన్నాళ్లు గెంతగలరు? తాత ఆగిపోతే కొడుకు, కొడుకు తర్వాత మనవడు. ఫలానా ఊరి జట్టు అంటాం గానీ, మొదట్లో ఉన్న పెద్దమనిషి ఏడీ, ఆయన లేకపోతే ఇది ఆ జట్టు కాదు అంటామా? మా నాన్నగారు ద్వారం వారి బాణీ అనుకుని వాయించేవారు. ద్వారం వారు 1964లో పోయారు. బాణీ పోలేదు.

యెస్‌లో జరిగింది కూడా చూడబోతే అదే. స్క్వైర్ తనకి జబ్బు చేసినప్పుడు తన చోట వాయించమని బిల్లీ షెర్‌వుడ్‌ని తానే అడిగాడు. ఇప్పుడు పాడుతున్న జాన్ డేవిసన్ అంతకుముందు యెస్ పాటలే పాడుకునే ఒక అభిమానుల బృందంలో గాయకుడు. మన భాషలో ఏకలవ్యుడు. బొటనవేలు ఎవరూ అడగలేదు, నయం.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. మనకి బాణీ అంటే దారి. అదే దారిలో నడుస్తూ మనిషి తన నడక తాను నడుస్తాడు. అదే కీర్తన ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా. అక్కడ ఉన్నవాళ్లకి రికార్డు గుండెల్లో అచ్చయిపోయింది. ప్రతి స్వరం ఎక్కడ పడాలో తెలుసు. వాళ్లు వినడానికి రాలేదు, సరిచూసుకోవడానికి వచ్చారు. మొదటి అరగంట నేనూ అంతే. పద్దెనిమిదేళ్లప్పుడు విన్నదాన్ని పక్కన పెట్టుకుని, ఇక్కడ సరిపోయింది, ఇక్కడ లేదు అని మార్కులు వేస్తూ కూర్చున్నాను.

స్టీవ్ హౌకి అప్పటికి 75 ఏళ్లు. సన్నగా, కొంచెం వంగి. 1964లో కొన్న గిబ్సన్ గిటారుని వదలకుండా పట్టుకొచ్చిన మనిషి. నా చెవికి రికార్డు కన్నా కాలం ఒక పిసరు చౌకగా, అంటే నెమ్మదిగా, అనిపించింది. ముందు మనసు చివుక్కుమంది. తర్వాత అర్థమైంది. వేగంలో ఇన్నేళ్లూ నాకు వినపడనివి ఇప్పుడు వినపడుతున్నాయి. గిటారు ఒక మాట అంటుంటే కింద బేస్ దానికి ఎదురు చెబుతోంది. ఆ సంభాషణ నలభై ఏళ్లు విన్న క్యాసెట్లో నాకెప్పుడూ దొరకలేదు. మా నాన్నగారు చివరి రోజుల్లో వేళ్లు సహకరించక అన్నీ చౌకలో వాయించేవారు. అప్పుడు నేను పెద్దగా విన్లేదు. ఉద్యోగం, పిల్లలు, ఏవో పనులు. ఆ హాల్లో కూర్చుని, ఆ గిటారు వింటూ, మా వరండా గుర్తొచ్చింది. అమ్మాయి నా వైపు చూసి ఏమీ అనలేదు. కాసిని నీళ్లు ఇచ్చింది.

మిగతా పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో కూడా రెండు ముక్కలు చెబుతాను. జెనెసిస్ ఆఖరి కచేరీ 2022 మార్చి 26న లండన్‌లో జరిగింది. ఫిల్ కాలిన్స్ ఒకప్పుడు గొప్ప డ్రమ్మర్. ఆరోగ్యం బాగోక ఆ యాత్ర అంతా కుర్చీలో కూర్చునే పాడాడు. డ్రమ్స్ వాయించింది ఇరవై ఏళ్ల కొడుకు. వీడియోలే చూశాను నేను. కొడుకు వాయిస్తుంటే తండ్రి ఒక్కోసారి తల తిప్పి చూస్తాడు. ఆ చూపు కోసం ఎంతైనా పెట్టొచ్చు.

ఎమర్సన్ లేక్ అండ్ పామర్ ముగ్గురిలో ఇద్దరు 2016లోనే, ఒకరు మార్చిలో, ఒకరు డిసెంబరులో పోయారు. మిగిలిన కార్ల్ పామర్, ఆ ఇద్దరి పాత వీడియోలు తెర మీద నడుస్తుంటే తాను వేదిక మీద డ్రమ్స్ వాయిస్తున్నాడు. ఇది నాకు మింగుడు పడలేదు. పోయినవాళ్లు ఎప్పటికీ తాళం తప్పరు, ఇటువైపు ఉన్న మనిషే వాళ్ల వెనక పరిగెత్తాలి. పక్కవాద్యం వింటున్నాడా లేదా అని చూసుకునే వీలే లేని కచేరీ ఏం కచేరీ? ఆయన ప్రేమని నేను తప్పు పట్టడం లేదు. నాకు నచ్చలేదు, అంతే.

కింగ్ క్రిమ్సన్ వాళ్లు కచేరీలో ఫోన్లు తియ్యొద్దని గట్టిగా చెప్పేవారు. చివర్లో వాళ్ల బేస్ గిటారు ఆయన టోనీ లెవిన్ తన కెమెరా తీసి జనాన్ని ఫొటో తీసేవాడు. అప్పుడు జనం కూడా తీసుకునేవారు. మన సభల్లో ఈ పద్ధతి పెడితే ముందు నా మీదే పడతారు.

అన్నీ గొప్పగా చెబుతున్నానని అనుకోకండి. ఈ సంగీతంలో బడాయి ఉంది. 1973లో ఇదే యెస్, పరమహంస యోగానంద ఆత్మకథలో పేజీ అడుగున ఉన్న ఒక చిన్న వివరణ చదివి, శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అంటూ రెండు ప్లేట్ల నాలుగు వైపులకీ నాలుగు పాటలు కట్టింది. ఒక్కోటీ ఇంచుమించు ఇరవై నిమిషాల చొప్పున. మన శాస్త్రాల మీదే అయినా నేను ఏకబిగిన ఎప్పుడూ వినలేకపోయాను. వాళ్ల కీబోర్డు ఆయన రిక్ వేక్‌మన్ కూడా భరించలేకపోయాడు. మాంచెస్టర్‌లో కచేరీ జరుగుతుండగా, ఆయనకి వాయించే పని లేని చోట ఖాళీగా ఉంటే, కింద కూర్చున్న సహాయకుడు కచేరీ అయ్యాక ఏం తింటావని అడిగాడట. చికెన్ విందాలూ అన్నాడు. కచేరీ అయ్యాక కాదు, అరగంటలో వేదిక మీదకే వచ్చేసింది. కీబోర్డు మీద పెట్టుకుని తిన్నాడు. మరుసటి ఏడాది బృందమే వదిలేశాడు. శాస్త్రాల మీద పాట నడుస్తుంటే కూర వాసన. నారాయణదాసు గారు చూసి ఉంటే దాని మీదే ఒక పిట్టకథ కట్టి ఉండేవారు.

టైమెంతయింది? ఇంకో ఇరవై నిమిషాలుందా? చాలు. మాటలు ఆపేస్తాను. ఆ పాట తెచ్చాను, మొత్తం వినిపిస్తాను. పద్దెనిమిది నిమిషాలు. మధ్యలో లేవాలనుకునేవాళ్లు ఇప్పుడే లేవండి, ఎవరూ ఏమీ అనుకోరు. బాబూ, ఆ ఫ్యాను ఆపు, మొదట్లో పిట్టల చప్పుడు చాలా సన్నగా ఉంటుంది, వినపడదు. చెమట పడితే పట్టనీ. మాస్టారూ, మీరు తాళం వేస్తూ ఉండండి. నాకు మూడో నిమిషంలో తప్పుతుంది. మీకు ఎక్కడ తప్పిందో అయ్యాక చెప్పండి.